నడికట్టు కొయ్యబొమ్మ: ప్రయోజనమూ రూపమూ

ప్రయోజనం రూపాన్ని చెడగొడుతుందన్న వాదన మన సాహిత్య సభల్లో పాతబడిందే గాని చావలేదు. ఏదో ఒక పని కోసం పుట్టిన రచన కళగా నిలవదని ఒక పక్షం, పనికి వచ్చినంత మాత్రాన అదే కళ అని ఇంకొక పక్షం, తలా ఒక కవితను ముందు పెట్టుకుని ఇప్పటికీ తగవులాడుతూనే ఉన్నాయి. కవితతో ఈ తగవు తేలదు. కవిత ప్రయోజనాన్ని కొలిచి చూపడం ఎవరి తరమూ కాదు గనుక, ఎవరి వాదన వారికి నెగ్గుతూనే ఉంటుంది. అందుకని ఈ వ్యాసంలో కవితను కాసేపు పక్కనబెట్టి, ప్రయోజనం ఇదీ అని వేలు పెట్టి చూపడానికి వీలైన ఒక వస్తువు చరిత్రను పరిశీలించదలచాను. అది రెండంగుళాలు మించని కొయ్యబొమ్మ. జపానువారు దాన్ని నెత్సుకె అంటారు. దాని పని ఎప్పుడు మొదలైందో మనకు తెలుసు, ఎందుకు పోయిందో తెలుసు, పని పోయాక రూపానికి ఏమైందో కూడా తెలుసు. ఇన్ని తెలిసిన కళారూపాలు మనకు ఎక్కువ దొరకవు.

కిమోనోకు జేబు లేదు. చేతి మడతల్లో ఒక కాగితమో గుడ్డో దాచుకోవచ్చు గాని బరువైనది నిలవదు. మనవాళ్ళు పంచె కట్టిన రోజుల్లో డబ్బులు రొంటిన దోపుకున్నట్టు, వక్కాకు తిత్తి మొలకు తగిలించుకున్నట్టు, జపాను మగవాళ్ళు తమకు కావలసినవన్నీ నడికట్టుకు వేలాడదీసుకునేవారు. పొగాకు సంచి, పొగ గొట్టపు ఒర, డబ్బుల తిత్తి, మందుమాత్రలు పెట్టుకునే అరల పెట్టె ఇన్‌రో, ప్రయాణంలో రాసుకునే కుంచె, సిరా ఉన్న బుడ్డి — వీటన్నిటినీ కలిపి సగెమోనో, అంటే వేలాడేవి, అన్నారు. వేలాడే వస్తువు తాడును నడికట్టు వెనకనుంచి పైకి లాగి, జారిపోకుండా చివర ఒక అడ్డు ఉంచాలి. ఆ అడ్డే నెత్సుకె. ‘నె’ అంటే వేరు, ‘త్సుకె’ అంటే తగిలించేది. మొదట్లో వేరు ముక్కో, గవ్వో, చిన్న బుర్రకాయో కట్టుకునేవారని చెబుతారు. అడ్డుకూ సంచికీ నడుమ తాడు మీద జరిగే పూస ఒకటి ఉంటుంది. దాన్ని కిందికి జరిపితే సంచి మూతి బిగుస్తుంది, పైకి జరిపితే తెరుచుకుంటుంది. ఇదీ మొత్తం యంత్రం.

ఈ యంత్రాన్ని ఊరూరికీ చేర్చింది పొగాకు. 16వ శతాబ్దం చివర పోర్చుగీసువారి ఓడల్లో వచ్చిన పొగాకును 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో షోగును ప్రభుత్వం పలుమార్లు నిషేధించింది. పొగ మానినవాడు లేడు. నిషేధం సడలిపోయింది. నడికట్టుకు పొగాకు సంచి స్థిరపడిపోయింది.

ఇక్కడనుంచి కథ వర్గాల కథ. 1603 నుంచి 1868 దాకా సాగిన ఎదో యుగంలో సమాజాన్ని నాలుగు మెట్లుగా చెప్పారు. పైన కత్తి పట్టిన సమురాయి, ఆ తరువాత రైతు, ఆ కింద చేతిపనివాడు, అట్టడుగున వర్తకుడు. వర్తకుడు ఏమీ పండించడు, ఏమీ చేయడు గనుక అతడు అడుగున ఉండాలన్నది పాలకుల నీతి. నీతి అలా ఉండగానే డబ్బు ఇలా నడిచింది: ప్రభువులు తమ పన్ను ధాన్యాన్ని ఒసాకా గిడ్డంగులకు పంపి, అక్కడి వర్తకుల దగ్గర రొక్కం చేసుకుని, రాబోయే పంట మీద ముందుగానే అప్పు తీసుకుని బతికారు. 18వ శతాబ్దం వచ్చేసరికి అడుగు మెట్టు మీదివాడికి పైమెట్టు బాకీ పడింది.

బాకీ పడ్డ పాలకుడు చట్టంతో పగ తీర్చుకుంటాడు. ఎవడు ఏ బట్ట కట్టాలో, ఎవడి ఇల్లు ఎంత ఉండాలో, బంగారం ఎవడు వాడరాదో శాసిస్తూ ఆజ్ఞల మీద ఆజ్ఞలు వెలువడ్డాయి. 1705లో ఒసాకాలోని యొదొయ అనే మహా వర్తక కుటుంబం ఆస్తి మొత్తాన్ని జప్తు చేశారు. నేరం ఏమిటంటే హోదాకు మించి బతకడం. ఎందరో ప్రభువులు ఆ ఇంటికి బాకీ ఉన్నారన్న సంగతి ఇక్కడ మరిచిపోరాదు.

ఇటువంటి చట్టం కింద బతికే ధనవంతుడు తన డబ్బును ఎక్కడ చూపించాలి? కిమోనో పైకి సాదాగా ఉంచి, లోపలి అస్తరుకు పట్టు వేయించుకున్నాడు. నడికట్టుకు వేలాడే వస్తువు మీద మనసు పెట్టాడు. బంగారపు బిళ్ళయితే చట్టానికి దొరుకుతుంది. కొయ్య ముక్క దొరకదు. బంగారం విలువ తూకంలో ఉంటుంది, ఏ అధికారి అయినా తూచగలడు. కొయ్య విలువ దానిలోకి చొరబడిన శ్రమలో ఉంటుంది, దాన్ని తూచే తక్కెడ షోగును దగ్గర లేదు. దంతంతోనూ, లక్కపూతతోనూ, లోహంతోనూ చేసిన నెత్సుకెలు లేకపోలేదు. సమురాయిలూ ధరించారు, నిజానికి ఇన్‌రో మొదట వారి అలంకారమే. అయినా ఈ కళను పోషించిన చేయి ప్రధానంగా పట్నపు వర్తకుడిది. చచ్చుముక్కను శ్రమ ఎంత ఖరీదు చేయగలదో ఆ యుగంలో ఇంత స్పష్టంగా చెప్పే వస్తువు ఇంకొకటి నాకు కనిపించలేదు.

ఆ శ్రమ ఎవరిది? 1781లో ఒసాకాలో ‘సోకెన్ కిషో’ అనే ఏడు సంపుటాల గ్రంథం అచ్చయింది. రాసినవాడు ఇనబ త్సూర్యూ, కత్తి పిడుల సరంజామా అమ్మే వర్తకుడు. గ్రంథం చాలావరకు ఆ సరంజామా గురించే. చివరి సంపుటంలో మాత్రం, ఏదో మరిచిపోయింది గుర్తొచ్చినట్టుగా, నెత్సుకె చెక్కేవాళ్ళ పేర్లు యాభైకి పైగా ఇచ్చాడు. వీళ్ళలో చాలామందికి ఇది అసలు వృత్తి కాదు. బుద్ధ విగ్రహాలు చెక్కేవాళ్ళు, నో నాటకాలకు ముఖాలు చెక్కేవాళ్ళు, చిత్రకారులు, తీరిక వేళల్లో చిన్న ముక్కలు పట్టుకున్నారు. ఒసాకాకు చెందిన యొషిమురా షూజన్ కనో సంప్రదాయపు చిత్రకారుడు. హినొకి అనే మెత్తని కొయ్యను చెక్కి రంగులు అద్దేవాడు, పేరు మాత్రం చెక్కేవాడు కాదు. పేరు లేకపోవడంతో అతని శైలిని అనుకరించినవాళ్ళకు అడ్డు లేకపోయింది. క్యోటోలో తొమొతద చెక్కిన ఎద్దులకు ఎంత పేరొచ్చిందంటే, అతని సంతకం పెట్టిన నకళ్ళు అప్పుడే బజారులో ఉన్నాయని ఆ గ్రంథమే చెబుతోంది.

ఆ 1781 అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మరుసటి ఏడాది నుంచి టెమ్మెయ్ కరువు మొదలైంది. 1783లో అసమ అగ్నిపర్వతం పేలి పొలాల మీద బూడిద కురిసింది. ఉత్తరాన ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1787లో ఒసాకాలోనూ ఎదోలోనూ పేదలు బియ్యపు వర్తకుల కొట్లు పగలగొట్టారు. కళా చరిత్రకారులు నెత్సుకెకు స్వర్ణయుగం అని రాసే దశాబ్దాలు ఇవే. కొట్టు పగిలిన వర్తకుడి నడుముకు త్సుగె కొయ్య కప్ప ఒకటి వేలాడుతూ ఉండి ఉంటుందని నేను ఊహించుకుంటే, అది అతిశయోక్తి అని ఎవరూ అనలేరు.

ఇక పనితనానికి వస్తాను. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే రుచించే భాగం ఇది.

త్సుగె చాలా నెమ్మదిగా పెరిగే చెట్టు. కొయ్య పసుపు ఛాయలో, గట్టిగా, దంతంలా నున్నగా ఉంటుంది. నార కంటికి ఆనదు. జపాను స్త్రీల దువ్వెనలు దీనితోనే చేసేవారు. ముసలివాళ్ళకు కట్టుడు పళ్ళు కూడా దీనితోనే చెక్కేవారు. చెక్కేవాడు దుంగలోంచి ముక్కను కోసి, ఉలులతో, చాకులతో మోటుగా రూపు తెచ్చి, సన్నపు పనిముట్లకు దిగుతాడు. ఈ సన్నపు పనిముట్లు బజారులో దొరికేవి కావు, ఎవరి చేతికి తగ్గవి వారే చేసుకోవాలి. నునుపుకు తొకుస అనే మొక్క గరుకు కాడలు, ముకు చెట్టు ఎండుటాకులు వాడతారు. ఛాయకు యషబుషి కాయల రసం. చివరికి ఇబొత అనే మైనం, ఒక చెట్టు కొమ్మల మీద బతికే పురుగు విడిచేది, దానితో మెరుగు పెడతారు.

కప్ప వీపు మీద బుడిపెలను చూడండి. ఒక్కొక్క బుడిపెను మిగిల్చి చుట్టూ చెక్కుతూ పోవడం ఒక పద్ధతి. ఇంకొకటి ఉంది, దాన్ని ఉకిబొరి అంటారు. మొద్దు మొన ఉన్న పనిముట్టుతో కొయ్య మీద బుడిపె కావలసిన చోటల్లా నొక్కుతారు. అక్కడ నార అణిగి గుంట పడుతుంది. ఆ గుంటల అడుగు మట్టందాకా చుట్టూ ఉన్న చెక్కంతా గీసేస్తారు. ఇప్పుడు వీపు చదునుగా ఉంటుంది, ఏమీ లేనట్టే. అప్పుడు వేడినీళ్ళు తగిలిస్తే అణిగి ఉన్న నార ఉబ్బి, నొక్కిన చోటల్లా బుడిపె పైకి లేస్తుంది. దంతం ఇలా ఉబ్బదు, కొయ్యకే అది చెల్లింది. అణచినది లేవడంలో కొందరు మిత్రులు ప్రతీకను వెతుక్కుంటారని నాకు తెలుసు, వారి దారికి నేను అడ్డురాను. నాకు మాత్రం కొయ్య స్వభావం తెలిసిన చేయి అందులో కనిపిస్తుంది, అది చాలు.

నెత్సుకెకు పని పెట్టిన షరతులు కఠినమైనవి. పొడుచుకు వచ్చే మొన ఏదీ ఉండరాదు, ఉంటే పట్టుబట్టకు తగులుకుని బట్టో మొనో పోతుంది. అందుకని ఎలుక తన తోకను నోటి దగ్గరికి తెచ్చుకుని ముడుచుకుంటుంది. మేత మేసే గుర్రం నాలుగు గిట్టలూ ఒక్కచోటికి చేరుస్తుంది. పాము తనలో తాను చుట్టుకుంటుంది. తంబా ప్రాంతపు తొయొమస త్సుగెలో చెక్కిన పాములకు ఇప్పటికీ పేరుంది. బొమ్మ నడుము మీద దొర్లుతూ ఉంటుంది గనుక దానికి ముందూ వెనకా లేవు, అడుగు కూడా చెక్కాలి. తాడు దూరడానికి హిమొతోషి అనే రెండు రంధ్రాలు కావాలి. వాటిలో ఒకటి ముడి దాగేటంత పెద్దది. అవి ఎక్కడ పడితే బొమ్మ వేలాడినప్పుడు ముఖం బయటికి తిరుగుతుందో లెక్క చూసి బర్మా పెట్టాలి. గొప్పవాడు రంధ్రం తొలచడు; మడిచిన మోకాలికీ పొట్టకూ నడుమ ఉండే సందునే తాడుకు దారి చేస్తాడు. ఎదోకు చెందిన మివ రంధ్రం అంచు అరగకుండా రంగు వేసిన దంతపు ఉంగరాన్ని అమర్చేవాడు. తాడు ఒరిపిడి లెక్క తెలిసినవాడు చేసే పని అది.

ఈ షరతుల వల్ల రూపం కుంచించుకుపోయిందా? మొత్తం శిల్ప చరిత్రలో శరీరం ఇంత దగ్గరగా తనను తాను పట్టుకుని ఉండే బొమ్మలు అరుదు. ఆ గుర్రం గిట్టలు దగ్గరికి చేర్చింది పట్టుబట్ట చిరుగుతుందన్న భయంతోనే. కాని చూసేవాడికి అది చల్లగాలికి ముడుచుకున్న గుర్రంలా, తలవంచి తన లోకంలో తాను మేస్తున్న గుర్రంలా కనిపిస్తుంది. షరతు అంతటితో షరతుగా మాయమై చూపుగా మారిపోయింది.

చెక్కిన వస్తువుల సంగతి చెప్పాలంటే పెద్ద జాబితా అవుతుంది, రెండు మూడింటితో సరిపెడతాను. తొమ్మిదేళ్ళు గోడకెదురుగా ధ్యానంలో కూర్చున్న దరుమను, అంటే మన బోధిధర్ముణ్ణి, వీళ్ళు ఒళ్ళు విరుచుకుని ఆవులిస్తున్నట్టు చెక్కారు. దయ్యాలను వేటాడే షోకి టోపీ మీదనే దయ్యం ఎక్కి కూర్చుంటుంది. ఎలుకలు పట్టేవాడు దుడ్డుకర్రతో కాచుకుని ఉంటాడు, ఎలుక అతని వీపు మీద ఉంటుంది. పెద్దవాటిని చిన్నవి వెక్కిరించే ఈ ధోరణి పట్నపు వర్తకుడి ధోరణే. దీన్ని తిరుగుబాటు అనడం మాత్రం చెల్లదు. నేను చూసిన బొమ్మలలో రైతు ఉన్నాడు. వినోదపు పల్లెటూరివాడుగా ఉన్నాడు. కరువు రైతు లేడు. బాకీ రాబట్టుకోవలసిన వర్గం తన నడుముకు అతన్ని కట్టుకోదు.

పైవాళ్ళను వెక్కిరించే హక్కు కూడా ఎంతదాకానో తెలియజెప్పడానికి ఒక రచయిత కథ ఉంది. సంతో క్యోదెన్ ఎదో నగరంలో జనం ఎగబడి చదివిన కథకుడు. 1791లో, ప్రభుత్వం నీతి సంస్కరణల పేరిట ముద్రణను బిగించినప్పుడు, వేశ్యావాటికల మీద పుస్తకాలు రాసినందుకు అతనికి యాభై రోజులు చేతులకు సంకెళ్ళు వేశారు. అతని ప్రకాశకుడు త్సుతయ జూజబురొ ఆస్తిలో సగం జప్తయింది. సంకెళ్ళు విప్పాక రెండేళ్ళకు, 1793లో, క్యోదెన్ క్యోబషి వీధిలో దుకాణం తెరిచాడు. అమ్మిన సరుకు పొగాకు సంచులు, పొగ గొట్టాలు. రాయడం మానలేదు, రాసిన పుస్తకాల్లోనే తన దుకాణానికి ప్రకటనలు దూర్చాడు. కలంతో బతకలేని, బతకనివ్వని చోట రచయిత నడికట్టు సరంజామా అమ్ముకున్నాడన్నది మన పాఠకులకు కొత్తగా అనిపించకపోవచ్చు.

పట్నాలకు దూరంగా ఈ కళ ఇంకో దారి తొక్కింది. ఇవమిలో తొమిహరు కూతురు బున్షోజొ (1764–1838) అడవిపంది కోర మీద సాలెపురుగులు చెక్కి, తన పేరు రాసుకుంది. కొయ్య కాకపోయినా ఇక్కడ చెప్పక తప్పదు, మగపేర్ల బారులో స్పష్టంగా వినిపించే స్త్రీ పేరు అదొక్కటే. ఇసే యాత్రాస్థలంలో మసనఒ వంశంవారు త్సుగె కప్పలు చెక్కి యాత్రికులకు అమ్మారు. హిద కొండల్లో మత్సుద సుకెనగ (1800–1871) సంగతి మరీ ముఖ్యం. హిద వడ్రంగులది పాత చరిత్ర. ప్రాచీన కాలంలో ఆ సీమ పన్నుకు బదులుగా రాజధానికి వడ్రంగులను పంపేది. సుకెనగ ఎదోలో రంగులద్దిన నెత్సుకెలను చూసి, రంగు కొయ్యను కప్పేస్తోందని భావించి, ఊరి అడవుల్లోని ఇచీ కొయ్యను రంగు లేకుండా, ఉలి గాట్లు కనబడేలా చెక్కాడు. ఇచీ చేవ ఎర్రన, పై చెక్క తెలుపు. ఆ రెండు రంగుల నడిమి గీతను బొమ్మలో ఎక్కడ పడనివ్వాలో చూసుకోవడమే అతని వర్ణచిత్రం.

1868లో షోగును పోయాడు, చక్రవర్తి పాలన వచ్చింది. 1871లో పిలక కత్తిరించుకోవచ్చన్నారు, 1876లో కత్తి ధరించరాదన్నారు. అధికారులూ సైనికులూ కోటూ పంట్లామూ వేశారు. వాటికి జేబులున్నాయి. పొగ గొట్టం పోయి సిగరెట్టు పెట్టె వచ్చింది, అది జేబులో పడుతుంది. మామూలు జనం ఇంకా చాలా కాలం కిమోనో కట్టినా, కొత్త నెత్సుకెకు డబ్బు పెట్టగలవాడు ముందుగా జేబుకు మారాడు.

గిరాకీ మాత్రం ఆగలేదు, యజమాని మారాడు. 1867 పారిస్ ప్రదర్శన, 1873 వియన్నా ప్రదర్శనల తరువాత ఐరోపా కొనుగోలుదారులు ఎగబడ్డారు. యొకొహమ రేవునుంచి పెట్టెలు పెట్టెలుగా వెళ్ళాయి. ఈ కొనుగోలుదారుడికి నడికట్టు లేదు, అద్దాల బీరువా ఉంది. బీరువాలో వస్తువు తగులుకునేది ఏమీ లేదు గనుక మొనలు పొడుచుకు వచ్చాయి. చేపల వలలోని ప్రతి కన్నూ విడిగా తొలిచారు. కొయ్యకంటే తెల్లగా మెరిసే దంతం వాళ్ళ కంటికి ఆనింది. చాలామంది నెత్సుకె చెక్కేవాళ్ళు ఒకిమోనొ అనే బల్ల మీది బొమ్మలకు మారారు. వాటికి రంధ్రమే అక్కరలేదు. అదే కాలంలో బౌద్ధ వ్యతిరేక విధానాల వల్ల విగ్రహాల పని పోయిన తకమురా కోఉన్ (1852–1934), చుట్టూ అంతా దంతానికి మారుతుండగా కొయ్యనే పట్టుకుని నిలిచాడు. తరువాతి జపాను కొయ్య శిల్పానికి అతడే పెద్దదిక్కయ్యాడు.

ఈ దశలోని బొమ్మల ఫొటోలు ముందు పెట్టుకుని నేను చాలాసార్లు చూశాను. చేతి నేర్పు తగ్గలేదు, పెరిగింది. తగ్గింది ఇంకొకటి. నకళ్ళు చెక్కేవాడు రంధ్రాలను అలవాటు కొద్దీ వీపున తొలిచి వదిలాడు. ఆ రంధ్రాలకు తాడు కడితే బొమ్మ తలకిందులుగా వేలాడుతుంది. వాడిన బొమ్మకు రంధ్రం అంచు తాడు రాపిడికి వాలి ఉంటుంది, పొట్ట మీద పట్టు ఒరిసి మెరుగు వచ్చి ఉంటుంది. ఆ అరుగుదలను నరె అంటారు. అది ధరించినవాడు చెక్కిన భాగం. చెక్కినవాడు దానికి చోటు ఉంచి చెక్కాడు. ప్రయోజనం రూపాన్ని చెడగొడుతుందనే మిత్రులు ఈ రెండు కాలాల బొమ్మలను పక్కపక్కన పెట్టుకుని చెప్పవలసింది చెప్పాలని నా కోరిక. ప్రయోజనమే చాలుననే మిత్రులకు వేరుముక్కను చూపిస్తాను. అడ్డుగా అదీ బాగానే పనిచేసింది.

సేకరణల చరిత్ర నాకు అంత ఇష్టం లేదు గాని ఒక్కటి వదలలేను. పారిస్‌లో షార్ల్ ఎఫ్రూసి అనే ధనికుడు 264 నెత్సుకెలు కొన్నాడు. అవి 1899లో పెళ్ళి కానుకగా వియన్నాలోని దాయాదుల ఇంటికి చేరాయి. 1938లో నాజీలు ఆ యూదు కుటుంబపు ఇంటిని దోచారు. ఆ వంశానికి చెందిన ఎడ్మండ్ డి వాల్ 2010లో ప్రచురించిన పుస్తకం ప్రకారం, అన్నా అనే పనిమనిషి దోపిడీదారుల కళ్ళెదుటే ఆ బొమ్మలను రోజూ కొన్ని తన ఏప్రను జేబులో వేసుకుని తీసుకుపోయి, పరుపులో దాచి, యుద్ధం అయ్యాక అప్పగించింది. జేబు లేక పుట్టిన వస్తువు చివరికి ఒక పనిమనిషి జేబులో బతికింది. ఆమె ఇంటిపేరు ఆ పుస్తకంలో లేదు, కుటుంబంలో ఎవరికీ తెలియదు.

1990 నుంచి ఏనుగు దంతపు అంతర్జాతీయ వర్తకం మీద నిషేధం అమలులోకి వచ్చాక కొయ్యకు మళ్ళీ విలువ వచ్చింది. జపానులో ఇప్పటికీ చెక్కేవాళ్ళున్నారు, రాజకుటుంబంలోని తకమదో యువరాజు (1954–2002) వాళ్ళ పని సేకరించాడు, 2007లో క్యోటోలో ఒక పాత సమురాయి ఇంట్లో నెత్సుకెలకే మ్యూజియం పెట్టారు. బొమ్మకు హిమొతోషి లేకపోతే అది నెత్సుకె కాదని కొనేవాళ్ళు ఇప్పటికీ పట్టుబడతారు. ఆ రంధ్రాల్లో తాడు ఎక్కదు.

అక్కడి గుళ్ళ దగ్గర, రైలు స్టేషన్ల దగ్గర ఇంకో రకం నెత్సుకెలు అమ్ముతారు. చిన్న గంట, ఒక పిల్లి బొమ్మో కప్ప బొమ్మో, ఒక తాడు. జనం వాటిని తాళంచెవులకూ, సంచులకూ, సెల్‌ఫోన్లకూ కట్టుకుంటారు. చాలావరకు యంత్రాల మీద వేలకొద్దీ తయారయ్యేవే, సంతకాలు ఉండవు. ఆ మాటే వాడతారు, నెత్సుకె అని. తాడు మాత్రం నిజంగానే దేనికో కట్టి ఉంటుంది.